జ్వరం లేనివాళ్ళకే దవాఖానా దారి

మొన్న పురుగుమందుల గది సర్దుతుంటే పాత స్ప్రేయర్ల వెనకాల తెల్లటి ప్లాస్టిక్ తుపాకీ ఒకటి బయటపడింది. లోపలి బ్యాటరీలు కారి, ఆకుపచ్చని తుప్పు పట్టింది. మా ఆవిడ సరోజిని దాన్ని చీపురుతో ముందుకు లాగి, "ఇదిగోండి, మీ ఆయుధం" అంది. నుదుటికి జానెడు దూరంలో పట్టి మీట నొక్కితే ఒంటి వేడి చెప్పే యంత్రం అది. జ్వరం లేకపోతే పచ్చ లైటు, ఉంటే ఎర్ర లైటు. కరోనా వచ్చిన ఎండాకాలంలో ఊరి కమిటీ దాన్ని కొని నా చేతికిచ్చింది. ఊరి చివర గేటు దగ్గర కుర్చీ వేసుకుని, మిరప కోతలు అయ్యేదాకా దాన్ని పట్టుకుని కూర్చున్నవాణ్ణి నేనే.

అది దొరికిన వారంలోనే పంచాయతీ తరఫున ఇద్దరు కుర్రవాళ్ళు ఇంటికొచ్చారు. ఊరి చరిత్ర మీద పుస్తకం వేస్తున్నారట. అందులో "మహమ్మారిని జయించిన మన ఊరు" అని ఒక అధ్యాయం. సగం అచ్చుకు సిద్ధం చేసుకునే వచ్చారు. శాలువా కప్పుకున్న నా ఫొటో, దాని కింద "గొత్తికోయ చిన్నారి ప్రాణదాత" అని పెద్దక్షరాలు. "ఒక్కపాలి చూసి, మీ చిన్నప్పటి సంగతులు గూడ రెండు ముక్కలు కలిపి ఇయ్యి బాబాయ్, బాగుంటది" అన్నారు. చూశాను. ఆ పేజీలో నిజమైనది శాలువా ఒక్కటే. చిన్నప్పటి సంగతులు కావాలన్నారు కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను. తరువాతి సంగతులు వాళ్ళు అడగలేదు, అయినా రాస్తున్నాను.

మేము ఈ ఊరివాళ్ళం కాము. ఈ మాట ఊళ్ళో సగం మందికి వర్తిస్తుంది కాబట్టి ఎవరూ పైకి అనరు. మా నాన్న కృష్ణా జిల్లాలో ఉన్న కొద్దిపాటి మాగాణి అమ్ముకుని, ములకలపల్లి దాటాక అడవి మొదట్లో భూమి చవగ్గా దొరుకుతుందని విని, ఎడ్లబండి మీద మమ్మల్ని ఎక్కించుకుని వచ్చాడు. ఏజెన్సీలో బయటివాళ్ళు భూమి కొనకూడదని ఆయనకు తెలుసు. తెలియనట్టు ఉండటం ఇంకా బాగా తెలుసు. దూరంగా జీపు చప్పుడైతే చాలు, వారం కిందటి పేపరు మడిచి చంకలో పెట్టుకుని, ఏదో గుర్తొచ్చినవాడిలా పెరటి వైపు నడిచేవాడు. ఆ భూమికి సరైన కాగితం ఇప్పటికీ లేదు. ముందు ముందు కాగితాల మాట మళ్ళీ వస్తుంది కాబట్టి ఈ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను.

మొదటి వర్షాకాలమంతా మేము ముత్తయ్య దొర వాకిట్లో, ఆయన ఇచ్చిన తాటాకు కొట్టంలో ఉన్నాం. కోయవాళ్ళలో పెద్దమనిషి ఆయన. ఆయన మమ్మల్ని ఎందుకొచ్చారని అడగలేదు, ఎన్నాళ్ళుంటారనీ అడగలేదు. మా నాయనమ్మ మాత్రం ఆయన కప్పు కింద పడుకుంటూనే, ఆయన పిల్లలు గుమ్మం తొక్కితే పసుపు నీళ్ళు చల్లేది. పొద్దున్నే లేచి, తెచ్చుకున్న ఆవకాయ జాడీలకు గుడ్డలు సరిగా కట్టి ఉన్నాయో లేదో చూసుకోవడం, మధ్యాహ్నం గోడకు ఆనుకుని కూర్చుని "వీళ్ళు" ఎలా బతుకుతున్నారో అని జాలిపడటం ఆవిడ దినచర్య. ఆ జాలి పడేటప్పుడు ఆవిడ ఒళ్ళో ఉండే సజ్జలు వాళ్ళు పెట్టినవే. వాకిట్లో చాపల మీద ఇప్పపువ్వు ఎండుతుండేది. మత్తుగా, తియ్యగా ఉండే ఆ వాసన మా అన్నం కంచాల దాకా వచ్చేది. నాయనమ్మ ముక్కుకు పమిట అడ్డం పెట్టుకునేది. నేను ముత్తయ్య దొర మనవళ్ళతో ఆ చాపల చుట్టూ తిరుగుతూ, వానలు తగ్గేలోపు వాళ్ళ భాష మాట్లాడటం నేర్చేసుకున్నాను.

ఆ ఏడాదే నాకు చలిజ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతున్నా పళ్ళు కొట్టుకునేవి. అమ్మ ఉన్న దుప్పట్లన్నీ కప్పి, వాటి మీద తను కూర్చునేది. దవాఖానా చాలా దూరం, బండి దారి బురద. అసలు భయం దారి కాదు. దవాఖానాలో పేరూ ఊరూ రాసుకుంటారు, రాసుకుంటే జీపు వస్తుంది, వస్తే భూమి పోతుంది. మా నాన్న లెక్క అదీ. అందుకని నన్ను తీసుకెళ్ళకుండా దుప్పట్ల కింద ఉంచారు. అప్పుడు దవాఖానాయే సైకిలెక్కి మా దగ్గరికి వచ్చింది.

మలేరియా పనిమీద ఊళ్ళు తిరిగే మనిషి ఉండేవాడు. అసలు పేరేమిటో గాని అందరూ మలేరియా రాములు అనేవారు. బుగ్గన పొగాకు, భుజాన ఖాకీ సంచి. అంత గొప్ప మనిషేమీ కాదు. ఎవరింట్లో కోడి కోస్తే ఆ పూట ఆ వీధిలోనే జ్వరాలున్నాయనేవాడు. మా మంచం మీద నడుం వాల్చి గురక పెట్టేవాడు. డీడీటీ కొట్టే రోజు మాత్రం రాక్షసుడు. దేవుడి పటాలు తీసేలోపే కొట్టేవాడు, ఆవకాయ జాడీల కోసం నాయనమ్మ ఆయనతో కలియబడేది. ఆ ఘాటు వాసన వారం దాకా అన్నంలో, బట్టల్లో, అమ్మ జుట్టులో ఉండేది. గోడల మీద తెల్లటి పొర మిగిలేది. దాని మీద వేలితో రాసే నేను అఆలు దిద్దుకున్నాను.

ఆ రాములు కొట్టం ముందు సైకిల్ ఆపి, మూలుగు విని, లోపలికి తొంగి చూశాడు. "ఏ ఊరోళ్ళమ్మా?" అని అడిగాడు. అమ్మ గుండె చిక్కబట్టుకుని, "ఈ ఊరేనండీ, ఎప్పట్నుంచో ఇక్కడేనండీ" అంది. ఆయన పొగాకు ఉమ్మేసి, "మీ మాట బందరు దాక ఇనపడుతాంది గాని, పిల్లగాని వేలు ఇటియ్యి" అన్నాడు. సూదితో గుచ్చి, రక్తం గాజుపలక మీద రాసుకుని, చేదు బిళ్ళలిచ్చాడు. అమ్మ బెల్లంలో పెట్టి ఇస్తే నేను బెల్లం తిని బిళ్ళ దవడకింద దాచేవాణ్ణి. ఆయన మళ్ళీ వచ్చినప్పుడు అదేదో పట్టేసి, నోట్లో వేలు పెట్టి బయటికి తీసి, నెత్తిన ఒకటి మొట్టి, తన కళ్ళ ముందే మింగించాడు. ఊరు కాని ఊళ్ళో, కాగితం లేని ఇంట్లో నేను బతికింది ఇలాగ. దీన్ని ఎవరూ సన్మానించలేదు. రాములు కూడా దీన్ని సాయం అనుకోలేదు, చిరాకు పడుతూ చేసిన ఉద్యోగం అనుకున్నాడు.

ఇక ఆ ఎండాకాలం దగ్గరికి వస్తాను. కరోనా పేరు టీవీలో వినబడిన వారంలోనే మా ఊరికి కమిటీ ఏర్పడింది. అధ్యక్షుడు వెంకటరత్నం మామయ్య. మా నాన్న తరువాత రెండేళ్ళకు అదే కృష్ణా జిల్లా నుంచి బండి కట్టుకుని వచ్చినవాడు. మొదటి సమావేశంలోనే ఆయన "బయటివాళ్ళని ఊళ్ళోకి రానివ్వకూడదు" అని తీర్మానం పెడితే, ఎక్కణ్ణుంచో వచ్చిన మేమందరం చేతులెత్తాం. తోటల్లో నరికి పడేసిన పామాయిల్ మట్టలు ట్రాక్టర్లతో తోలి, అడవి వైపు వాగు దాటి వచ్చే రోడ్డుకు అడ్డంగా పేర్చాం. ఆ మట్ట అంచుల ముళ్ళు తగిలితే చెయ్యి వారం వాస్తుంది. కంచె మధ్యలో వెదురు గేటు. వాగు అవతల గుడిసెలు వేసుకున్న గొత్తికోయల పిల్లలకు అదొక్కటే దగ్గరి దవాఖానా దారి. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో రెండు వైపుల తుపాకులకూ భయపడి ఇటు వచ్చినవాళ్ళు వాళ్ళు. ఇక్కడ మూడో తుపాకీ నా చేతిలో ఉంది. గేటు దగ్గర నన్నే పెట్టడానికి కారణం వాళ్ళ భాష నాకు తెలియడం. మా కోయకూ వాళ్ళ కోయకూ ఉన్న తేడా బందరు తెలుగుకూ ఖమ్మం తెలుగుకూ ఉన్నంతే.

మొదట కంచె అందరికీ మూసేశాం. నాలుగు రోజులకు చేలల్లో మిరపకాయ ఎండి రాలడం మొదలైంది. కోసేది ఎప్పుడూ గొత్తికోయ ఆడవాళ్ళే. కమిటీ మళ్ళీ కూర్చుంది. "మిరప ఘాటుకి ఆ పురుగు బతకదంట, ఫోన్లో వచ్చింది" అన్నాడు వెంకటరత్నం మామయ్య. శాస్త్రం అనుకూలంగా ఉంది కాబట్టి కోతకు వచ్చేవాళ్ళని పొద్దున్నే లోపలికి వదిలి, పొద్దు వాలాక పంపేద్దామని తీర్మానించాం. పిల్లలూ ముసలివాళ్ళూ అవతలే ఉండాలి. బ్రాందీ షాపు వ్యానుకు, పురుగుమందుల కంపెనీ కార్లకు, హైదరాబాదు నుంచి వచ్చిన మామయ్య మేనల్లుడికి మండలం వైపు రోడ్డుకు పెట్టిన అడ్డుకర్ర అడక్కుండానే ఎత్తాం. మాట కోసం నా దగ్గరికి తెచ్చిన ఆ కుర్రాడికి ఎర్ర లైటు వెలిగితే, "కార్లో ఏసీ లేక వేడెక్కాడు" అని చింత కింద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, మళ్ళీ పెట్టాం. మూడోసారి పచ్చ లైటు వెలిగింది. ఊళ్ళోకి కరోనా ఆ మేనల్లుడి ఇంటినుంచే వచ్చిందని తరువాత అందరికీ తెలిసింది. ఊరి పుస్తకంలో ఆ పేరా లేదు.

దేవె వచ్చింది ఆ రోజుల్లోనే. ఏటా మా చేలోనే మిరప కోసే మనిషి. వీపున గుడ్డలో కూతురు మాసె, బడికి పోయే వయసు పిల్ల, తల వేలాడేసి ఉంది. నేను మీట నొక్కాను. ఎర్ర లైటు.

"దవాఖానాకు పోవాలె. ఇడువు" అంది దేవె, తన భాషలోనే.

కుర్చీలో ఉన్న వెంకటరత్నం మామయ్య, "ఏమంటుందిరా?" అన్నాడు.

"దవాఖానాకంట మామయ్యా."

"జ్వరం ఉన్నవాళ్ళని రానివ్వకూడదు. అందుకే కదా మిషన్ కొన్నది. చెప్పు."

చెప్పాను. దేవె నా మొహం వైపు చూసి, "జొరం లేకపోతే దవాఖానాకెందుకు పోతం?" అంది. ఈ మాట తెలుగులో చెబితే అక్కడున్న కమిటీ అంతా నవ్వింది. "బాగా మాట్లాడుతోందే, లాయరు దగ్గర పనిచేసిందేమో" అన్నాడు మామయ్య. నేనూ నవ్వాను. గేటు అవతల నిలబడి ఆమె మా నవ్వు అయ్యేదాకా ఆగింది. ఆ తరువాత వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. మరునాడూ వచ్చింది, మరునాడూ ఎర్ర లైటే. మజ్జిగ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

మూడో రోజు కోతకు వచ్చే ఆడవాళ్ళ వరసలో నిలబడి ఉంది. పక్కన మాసె, తన కాళ్ళ మీద తనే నిలబడి, చేతిలో ఖాళీ గోనె సంచి పట్టుకుని. పిల్ల జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. నుదురు తడిగా, చల్లగా మెరుస్తోంది. వాగులో ముంచి తీసుకొచ్చిందని చూడగానే తెలిసింది. మీట నొక్కాను. పచ్చ లైటు.

"ఇది ఏం కోస్తది?" అని అడిగాను.

"కింద రాలినయి ఏరుతది."

వదిలాను. అంత జాలిగలవాణ్ణని అప్పుడు నాకు నామీదే కాస్త గౌరవం కలిగింది. రోగిగా రావడానికి వీల్లేని పిల్ల కూలీగా వచ్చింది. అంతా ఒప్పందం ప్రకారమే జరిగినట్టు నేను గేటు వేశాను. ఆమె ఉద్దేశం చేలోంచి అటే రోడ్డెక్కి దవాఖానాకు పోవడం. చేలో మా మేస్త్రీ, "సాలు అయినంక పో, మధ్యలో ఇడిచిపోతే ఎవలు కోస్తరు" అన్నాడట. పని చూడ్డానికి చేలోకి వెళ్ళిన నన్ను అడిగితే నేనూ, "సాలు ఎంతసేపు, అయ్యాక వెళ్ళు" అన్నాను. ఆమె వంగి కోస్తూ, కోసిన ప్రతి చెట్టు దగ్గరా తల తిప్పి గట్టు వైపు చూసింది. గట్టు మీద మిరప బస్తాల నీడలో మాసె పడుకుని ఉంది. సాలు చివరికి వచ్చేసరికి పిల్ల కళ్ళు తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటోంది.

అప్పుడు కారు తీశాను. అది నిజమే. మండలం దవాఖానాలో రక్తం చూసి మలేరియా మెదడుకెక్కిందన్నారు, పెద్ద దవాఖానాకు పొమ్మన్నారు. పెద్ద దవాఖానాలో కిటికీ వెనకాల మనిషి, "ఆధార్?" అన్నాడు. లేదన్నాను. "ఏ ఊరు?" చెప్పాను. వెంట వచ్చిన దేవె మొహం, మెడలో పూసలు చూసి, "అవతలి రాష్ట్రం మనుషులు కదా ఈళ్ళు. అటే తోల్కపోండి సారూ, ఈడ కరోనాకే మంచాల్లేవు" అన్నాడు. "మా ఇంట్లో పనిచేసే మనిషి కూతురండీ, మా అడ్రసు రాసుకోండి" అన్నాను. వెంటనే రాసుకున్నాడు. కాగితం లేని పొలం ఉన్న నేను, కాగితం లేని పిల్లకు అలా కాగితం అయ్యాను. తన పేరు మీద ఆ పిల్లకు మంచం లేదు, నా పనిమనిషి కూతురుగా ఉంది. తిరిగొచ్చాక సరోజిని కారు వెనక సీటు శానిటైజరుతో తుడుస్తుంటే వద్దనలేదు.

మాసె బతికింది. ఎడమ చెయ్యి ఇప్పటికీ సరిగా పైకి లేవదు. పేపర్లో ఫొటో వచ్చింది. దాంతో ఊరికి పేరొచ్చిందని, పంచాయతీ ఆఫీసు ముందు టెంటు వేసి, దూరం దూరంగా కుర్చీలు వేసి, నాకు సన్మానం పెట్టారు. మండలం నుంచి అధికారి ఒకాయన కూడా వచ్చాడు. వేదిక మీద దేవె కూడా ఉండాలి కాబట్టి మనిషిని పంపి బండి మీద తీసుకొచ్చారు. కంచె అప్పటికీ అలాగే ఉంది. ఆమె ఒక్కదాని కోసం తీసి, ఆమె రాగానే వేశారు. ఆమెకు ఇంకో బిడ్డ ఉన్నాడు. మాసె తమ్ముడు, ఉంగా, అప్పుడప్పుడే నడుస్తున్నవాడు. వాణ్ణి వెంట తెస్తానంటే, పిల్లల్ని రానివ్వరని గుడిసెలోనే ముసలమ్మ దగ్గర ఉంచి రమ్మన్నారట.

శాలువాలు అయ్యాయి. వెంకటరత్నం మామయ్య మాస్కు గడ్డం కిందికి లాక్కుని, "మనం ఎవరినీ వేరుగా చూడలేదు, అదీ మన ఊరి సంస్కారం" అన్నాడు. తరువాత దేవెను మైకు దగ్గరికి పిలిచారు. ఆమె రెండు చేతులతో దాన్ని పట్టుకుని, జనాన్ని కాదు, నన్ను చూస్తూ, తన భాషలో మెల్లగా నాలుగు మాటలు చెప్పింది. వేదిక మీద ఆ భాష తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. "ఏమంటుందో నువ్వే చెప్పరా, సారుగారు వింటారు" అని మామయ్య మైకు నా వైపు తిప్పాడు.

"ఈ ఊరివాళ్ళు నా పాలిట దేవుళ్ళు, మీ రుణం తీర్చుకోలేను అంటోంది" అన్నాను.

చప్పట్లు కొట్టారు. అధికారి కళ్ళు తుడుచుకున్నాడు. దేవె చప్పట్లు కొట్టేవాళ్ళని ఒకసారి చూసి, నన్ను చూసింది. ఆమె తెలుగు సరిగా మాట్లాడలేకపోయినా వింటే అర్థమవుతుంది. మా చేలల్లో ఇన్నేళ్ళు మా కేకలు వింటూ నేర్చుకున్నదే. సభ అయ్యాక గేటు నేనే వెళ్ళి తీద్దామనుకున్నాను. ఫొటోలు దిగమన్నారు, పులిహోర పొట్లాలు పంచమన్నారు. నేను చూసేసరికి ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. నేను మైకులో చెప్పింది విన్నాక ఆమె గేటు దగ్గర ఆగి మమ్మల్ని ఏమీ అడగలేదు. గుడిసెకు పోయి, ఉంగాను వీపున కట్టుకుని, ఊరిని తప్పించి వాగు వెంట అడవి దారిన ఇంకో మండలం దవాఖానాకు నడిచింది. దారిలోనే పిల్లవాడు పోయాడు. మరునాడు కోతకు ఎవరూ రాకపోతే మేస్త్రీ వెళ్ళి కనుక్కుని వచ్చి చెప్పాడు. కమిటీ మౌనం పాటించలేదు. ఆ చావు మా ఊరి హద్దులో జరగలేదు కాబట్టి మా లెక్కలోకి రాలేదు. కరోనా కాలంలో హద్దులో ఒక్క చిన్నపిల్ల కూడా చనిపోని ఊరని మాకు ఆ తరువాత మరో ప్రశంసాపత్రం వచ్చింది.

దేవె ఇప్పటికీ మిరప కోతకు వస్తుంది. మా చేలోకి కాదు, పక్క చేలోకి. ఒకరోజు గట్టు మీద ఆపి, ఆ రోజు నేను చెప్పింది తప్పని అందరికీ తెలిసేలా రాస్తానని చెప్పాను. "రాస్తే రాయి" అని మళ్ళీ కోతలోకి వంగింది. అంతకు మించి నాతో మాట్లాడాల్సిన అవసరం ఆమెకు లేదు.

మలేరియా రాములుకు మా భాష వచ్చు, మా అబద్ధం కూడా అర్థమైంది. అయినా వేలు ఇమ్మన్నాడు. నాకూ ఆమె భాష వచ్చు, ఆమె చెప్పిన నిజం అర్థమైంది. నేను మైకు తీసుకున్నాను. ఆయన దగ్గర సూదీ గాజుపలకా ఉన్నాయి, నా దగ్గర లైట్లు వెలిగే తుపాకీ ఉంది. ఇంతకంటే అప్పటికీ ఇప్పటికీ తేడా చెప్పడం నాకు చేతకాదు.

పుస్తకం కుర్రవాళ్ళకు ఒక మనవి. ఆ పేజీలో నా ఫొటో కింద "మీరు నా పాలిట దేవుళ్ళు" అని దేవె మాటగా వేశారు. ఆమె అలా అనలేదు, అది నా మాట. తీసేయండి. ఆ రోజు మైకులో ఆమె అన్నదానికి తెలుగు ఇది: "చిన్న పిల్లగానికి నిన్నటిసంది జొరం. గుడిసెల ఉన్నడు. నీకు నా మాట తెలుసు గద, వీళ్ళకు చెప్పు. మీటింగు ఎప్పుడైపోతది? వాణ్ణి తెస్త, గేటు తీస్తరా?"